లేత్ పనికి రంగు కర్ర ఎంపిక : రైతు తెలుసుకోవాల్సిన సంగతులు

గట్టు మీద చెట్టు కొట్టించామంటే కట్టెల లెక్కన తూకం వేసి ఇచ్చేయడం మనకు అలవాటు. అందులో లేత్ మిషను మీద తిరిగి బొమ్మగానో, గిన్నెగానో, పీట కాలుగానో మారాల్సిన కర్ర కూడా పొయ్యిలోకి పోతుంది. రైతు సోదరులు కర్రను గుర్తుపడితే ఈ నష్టం ఉండదు.

రంగు ఎక్కడుంటుంది?

కర్ర రంగంతా చేవలోనే ఉంటుంది. చుట్టూ ఉండే తెల్ల కర్రకు రంగు తక్కువ, పురుగు పట్టేదీ దానికే. కాబట్టి ముదురు చెట్టు దుంగే రంగు పనికి మేలు. పనస చేవ పసుపుపచ్చగా ఉండి, రానురాను గోధుమ రంగుకు తిరుగుతుంది. వేప, నల్లతుమ్మలది ఎరుపు కలిసిన గోధుమ రంగు. తుమికి చేవ నలుపు. ఇరుగుడుది ఊదా కలిసిన గోధుమ రంగు. టేకు బంగారు ఛాయలో ఉంటుంది గానీ ఉలి పదును త్వరగా పోతుంది. ఎర్రచందనం పట్టా భూమిలోదైనా సరే, నరకాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాల్సిందే. మిగతా చెట్ల విషయమూ ముందుగా రేంజి ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది.

తెల్ల కర్రకూ గిరాకీ

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటికి వాడేది తెల్లటి అంకుడు కర్ర. మెత్తగా, సన్నని నారతో ఉంటుంది కాబట్టి ఉలికి నున్నగా తెగుతుంది. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. కర్ర తెల్లగా ఉండబట్టే పసుపు, జాఫ్రా గింజల లేత రంగులు తేటగా కనపడతాయి. అంకుడును కొట్టినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. గట్ల మీద పెంచుకోవచ్చు.

ఆరబెట్టడమే అసలు పని

మా పెరటి పనస మొద్దును ఎండలో పడేశాం. వారం తిరక్కుండానే చివర్లు నెర్రెలు విచ్చాయి. కొనడానికొచ్చిన వడ్రంగి ఒక్కసారి చూసి వెళ్లిపోయాడు. చివరికి కట్టెల రేటే దక్కింది. మీకు అలా కాకూడదంటే:

1. కొట్టిన రోజే దుంగ రెండు చివర్లకూ పాత పెయింటో, మైనమో దట్టంగా పూయండి. నీరు చివర్ల నుంచే త్వరగా ఆరిపోయి పగుళ్లు వస్తాయి.

2. లావు దుంగనైతే నడిమి బెండు గుండా నిలువునా కోయించండి. పగులు అక్కడి నుంచే మొదలవుతుంది.

3. నేలకు తగలకుండా, గాలి ఆడే నీడలో పేర్చండి.

4. ఒక ముక్కకు గుర్తు పెట్టి వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే.

కొనేవారైతే మొద్దు చివర్లు చూడండి. సన్నని గీత కనిపించినా వద్దనండి. పగులున్న కర్ర లేత్ మీద విరిగి ఎగిరితే కళ్లకే ప్రమాదం. రంగు కర్రల పొట్టు కొందరికి తుమ్ములు, దురద తెస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకునే పని చేయాలి.

చెట్టు బేరం పెట్టే ముందు దగ్గర్లోని లేత్ పనివారికి ఒకసారి చూపించండి. కట్టెల తూకం ఎలాగూ ఉంటుంది. అది ఆఖరి బేరం కావాలి.