మిర్చి తోటలో మందు కొట్టే మా శీనుకి

చిరంజీవి శీనుకి,



మొన్న ఫోన్‌లో "ఇన్నేళ్ళుగా మందు కొడుతున్నా బాబాయ్, ఒక్కసారి కూడా కళ్ళు తిరగలేదు, నాకేం కాదు" అన్నావు. అప్పట్నుంచీ నాకు మనసు కుదుట పడలేదు. కళ్ళు తిరగడం, వాంతులు, నోట నురగ ఇవన్నీ మందు ఒక్కసారిగా ఎక్కితే వచ్చేవి. డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు చెప్పేదీ ఆ విషం తీవ్రతే. పంట తర్వాత పంట కొద్దికొద్దిగా ఒంట్లో చేరే మందు మగవాడి హార్మోన్లను ఏం చేస్తుందో ఆ రంగులు చెప్పవు.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. మొదటిది అందగానే వృషణాలు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను తయారుచేస్తాయి. రెండోది వీర్యకణాల తయారీకి కావాలి. కొన్ని మందులు టెస్టోస్టిరాన్ తయారీనే దెబ్బతీస్తాయి. అప్పుడు పిట్యూటరీ ఇంకా ఎక్కువ ఎల్‌హెచ్ వదులుతుంది. డీడీటీ ఒంట్లో మారి మిగిలే డీడీఈ లాంటివైతే, టెస్టోస్టిరాన్ చేరాల్సిన చోటును తామే ఆక్రమిస్తాయి. హార్మోన్ ఉండీ పని జరగదు. వీటిలో దేనికీ నొప్పి ఉండదు, జ్వరం రాదు.

కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్ళకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. మన పత్తికీ మిర్చికీ కొట్టిన మందే అది. ఆ తోటల కింద ఊళ్ళో బడికెళ్ళే మగపిల్లల్ని అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. మందు చల్లని ఊరి పిల్లలకంటే వీళ్ళు ఆలస్యంగా ఎదిగారు. టెస్టోస్టిరాన్ తక్కువ, ఎల్‌హెచ్ ఎక్కువ. ఆ పిల్లలు భుజాన ట్యాంకు మోసినవాళ్ళు కారు, శీనూ. ఆ గాలీ నీళ్ళ మధ్య బతికారు, అంతే. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపించింది.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో సంతానం కోసం డాక్టర్ల దగ్గరికొచ్చిన మగవాళ్ళ మీద చేసిన పరిశీలన 2006లో వచ్చింది. మూత్రంలో క్లోరిపైరిఫాస్ ఆనవాళ్ళు ఎక్కువున్నవాళ్ళకు టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించింది. ఆ ఒక్కదాంతో కారణం అదేనని తేల్చలేం. కానీ వాళ్ళు చేలో దిగినవాళ్ళు కారు. నువ్వు అదే మందును చేత్తో కలుపుతున్నావు.

అన్నిటికంటే నాకు భయం నీ ట్యాంకు గురించే. మూత దగ్గర కారి, వీపు మీదుగా నడుము కిందికి తడుస్తుంది కదా! పారాథియాన్ అనే పురుగుమందుతో 1971 నాటికే కొలిచి చూశారు: ముంజేతి చర్మం కంటే వృషణాల మీది చర్మం దాదాపు 12 రెట్లు ఎక్కువ మందు పీల్చుకుంటుంది. మూత వాషర్ మార్చు. లుంగీ వద్దు, ప్యాంటు వేసుకో, వీపుకి ప్లాస్టిక్ పట్టా కట్టుకో. తడిస్తే సాయంత్రం దాకా ఆగకు, అక్కడికక్కడే సబ్బుతో కడుక్కో. చిక్కటి మందు కలిపేటప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు ఉండి తీరాలి. గాలికి ఎదురు నడవకు. కొట్టువాడు చెప్పాడని మూడు నాలుగు మందులు కలిపి కొట్టకు. పురుగు ఎంతుందో ఆకు తిప్పి చూసి, అవసరమైతేనే కొట్టు. ఆ బట్టలు విడిగా, నువ్వే ఉతుక్కో.

ఇంకొకటి. పిల్లలు లేరని వదిన కోడల్ని ఆసుపత్రుల చుట్టూ తిప్పుతోందని విన్నాను. నీకు పరీక్ష చేయించారా? వీర్యపరీక్ష చేయించుకో. పొద్దున్నే వెళ్ళి టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా చూపించుకో. మందు కొడతానని డాక్టరుకు తప్పకుండా చెప్పు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి లోపం కనిపిస్తే మూడు నెలలు మందుకు దూరంగా ఉండి మళ్ళీ చూపించుకోవాలి. మందు కొట్టే ప్రతివాడికీ ఇలా అవుతుందని నేననను. నీ సంగతేమిటో పరీక్షలోనే తెలుస్తుంది. అది తేలేదాకా కోడల్ని ఎవరూ ఒక్క మాట అనకుండా చూసుకో.

ఇట్లు,
మీ బాబాయి