వేక్‌మన్ ఆల్బమ్‌లను పోల్చి వినేవాళ్లకు

‘యెస్’ రాక్ బృందంలో కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్ సోలో ఆల్బమ్‌లలో ఏది గొప్పదని కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. చాలా ఏళ్లుగా వాటిని వింటున్నవాణ్ని. నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ముందు అతను ఏం చేయబోయాడో తెలుసుకోండి. 1973లో వచ్చిన ‘ది సిక్స్ వైవ్స్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ పూర్తిగా వాద్య సంగీతం. రాజుగారి ఆరుగురు భార్యలకు ఆరు రచనలు. మరుసటి ఏడాది వచ్చిన ‘జర్నీ టు ది సెంటర్ ఆఫ్ ది ఎర్త్’ జూల్ వెర్న్ నవలను చెప్పే కథ. అందులో కథకుడున్నాడు, గాయకులున్నారు, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, ఇంగ్లిష్ చాంబర్ కోయిర్ ఉన్నాయి. మొదటిది బ్రిటన్ పట్టికలో ఏడో స్థానం దాకా వెళ్లింది, రెండోది ఏకంగా మొదటి స్థానానికి చేరింది. ఈ అంకెలతో వాదన గెలవాలని చూసేవాళ్లతో నేను మాట్లాడను. ఒకటి మనుషుల స్వభావాలను స్వరాల్లో పట్టుకునే పని, రెండోది కథను నడిపించే పని. ‘జర్నీ’లో కథకుడు మాట్లాడేటప్పుడు కీబోర్డు వెనక్కి తగ్గాలి. ‘సిక్స్ వైవ్స్’లోని ‘ఆన్ ఆఫ్ క్లీవ్స్’లో అలా తగ్గాల్సిన అవసరమే లేదు, అందుకే అక్కడ చేతులు అంత విచ్చలవిడిగా పరుగెత్తుతాయి.

2. ఎక్కడ రికార్డయిందో చూడండి. ‘జర్నీ’ స్టూడియోలో పుట్టింది కాదు. 1974 జనవరి 18న లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో జరిగిన కచేరీల నుంచి తీసింది. అంతమందిని స్టూడియోలో కూర్చోబెట్టే ఖర్చు భరించలేని పరిస్థితి. కోయిర్ కాస్త దూరంగా వినిపిస్తోందనీ, గొంతులు అక్కడక్కడా తడబడుతున్నాయనీ తప్పుపట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2012లో అతనే దాన్ని మళ్లీ స్టూడియోలో రికార్డు చేశాడు, అప్పట్లో కత్తిరించిన భాగాలు కూడా కలిపాడు. శుభ్రంగా, నిండుగా ఉంది. అయినా ఆ రాత్రి హాల్లో ఉన్న ఉద్వేగం నాకు పాత రికార్డులోనే దొరుకుతుంది.

3. మొత్తం ఆల్బమ్‌ను ఆల్బమ్‌తో తూచకండి. ఒక్క వాద్యం పట్టుకోండి. కచేరీలకు వెళ్లే మన రసికులు ఒకే విద్వాంసుడి తోడి రాగాన్ని రెండు సభల్లో విని పోల్చుకుంటారు చూడండి, అలాగన్నమాట. వేక్‌మన్ విషయంలో నేను పట్టుకున్నది చర్చి ఆర్గాన్.

‘సిక్స్ వైవ్స్’లోని ‘జేన్ సీమూర్’లో వినిపించే ఆర్గాన్ లండన్‌లోని సెయింట్ గైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిది. బాఖ్‌ను గుర్తుకు తెచ్చే వేగంతో మొదలవుతుంది, దాని మీదికి మూగ్ సింథసైజర్, డ్రమ్స్ వచ్చి చేరతాయి. నాలుగేళ్ల తర్వాత, 1977లో, స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో సెయింట్ మార్టిన్ చర్చి ఆర్గాన్ ముందు కూర్చున్నాడు. ఆ ఒక్క ఆర్గాన్ రెండు రికార్డుల్లో ఉంది. ఒకటి యెస్ బృందం ‘గోయింగ్ ఫర్ ది వన్’, రెండోది అతని సోలో ‘క్రిమినల్ రికార్డ్’. అభిమానులకు ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది! మనిషి అతనే, వాద్యం అదే, సంవత్సరం కూడా అదే. యెస్‌ పాట ‘అవేకెన్’లో ఆర్గాన్ నెమ్మదిగా లేస్తుంది, తన వంతు కోసం ఆగుతుంది, జాన్ ఆండర్సన్ గొంతుకు, స్టీవ్ హౌ గిటార్‌కు చోటిస్తుంది. ‘క్రిమినల్ రికార్డ్’లోని ‘జూడస్ ఇస్కారియట్’లో పన్నెండు నిమిషాలకు పైగా అదే రాజ్యం చేస్తుంది, కోయిర్ సైతం దాని నీడలోనే పాడుతుంది. పక్కన ఆపేవాళ్లు ఉంటే అతను ఎలా వాయిస్తాడో, లేకపోతే ఎలా వాయిస్తాడో ఈ రెండూ వరసగా వింటే అర్థమవుతుంది. సోలో ఆల్బమ్ గురించి అడగాల్సిన అసలు ప్రశ్న అదేనని నా నమ్మకం. ఎవరూ ఆపకపోయినా ‘జూడస్’లో అతను దారి తప్పలేదు. ‘క్రిమినల్ రికార్డ్’ను అంతకుముందు వచ్చిన పేరున్న ఆల్బమ్‌ల నీడలో పడేసి మర్చిపోవడం అన్యాయం.

4. యంత్రాల హద్దులు తెలుసుకోండి. మినీమూగ్ సింథసైజర్ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. మెలొట్రాన్‌లో మెట్టు నొక్కితే ఒక టేపు ముక్క నడుస్తుంది, సుమారు ఎనిమిది సెకన్లకు అది అయిపోతుంది. ఆ రోజుల్లో అతను చుట్టూ అన్ని కీబోర్డులు పేర్చుకున్నాడంటే ఆడంబరం ఒక్కటే కారణం కాదు. ఒక్కోటి ఒక్కో పనే చేసేది.

5. భారీతనాన్ని వెక్కిరించే ముందు పూర్తిగా వినండి. 1975 నాటి ఆర్థర్ రాజు ఆల్బమ్‌ను వెంబ్లీలో మంచు మీద స్కేటింగ్‌తో ప్రదర్శించారు. ప్రోగ్రెసివ్ రాక్ ఎంత మితిమీరిందో చెప్పాలంటే అందరూ దాన్నే ఎత్తుకుంటారు. కానీ ఆ సంగీతంలో కొంత, 1974లో పాతికేళ్ల వయసులో గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అతను రాసుకున్నది. ఆ ఆల్బమ్‌లోని ‘ది లాస్ట్ బాటిల్’ వినేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోండి. నాకైతే ‘గ్వినెవీర్’, ‘మెర్లిన్ ది మెజీషియన్’ ఆ మంచు ప్రదర్శన కంటే చాలా పైన నిలుస్తాయి.

6. బలహీనమైనవి బలహీనమైనవే. 1979 నాటి ‘రాప్సడీస్’ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు.

7. చివరికి పియానో ఒక్కటే ఉన్న రికార్డు వినండి. 1971లో డేవిడ్ బౌవీ ‘లైఫ్ ఆన్ మార్స్?’కు పియానో వాయించింది వేక్‌మనే. బౌవీ 2016 జనవరిలో పోయాక వేక్‌మన్ రేడియోలో ఆ పాటను ఒంటరిగా వాయించాడు. దాన్ని విన్నవాళ్ల ఆదరణ నుంచే 2017లో ‘పియానో పోర్ట్రెయిట్స్’ ఆల్బమ్ వచ్చింది. పాత రికార్డులో పియానో గొంతు కింద అలలా నడుస్తుంది. కొత్తదానిలో గాయకుడు లేడు కాబట్టి పాడే భారం వేళ్లదే. ఆర్కెస్ట్రా, కోయిర్, మూగ్ తీసేస్తే ఇతని దగ్గర ఏం మిగులుతుందని అనుమానించేవాళ్లకు నేను ముందు ఇదే ఇస్తాను. ‘సిక్స్ వైవ్స్’ ఆ తర్వాత.