అంతర్జాలమున అక్షరమునకు వెల

చేను ఒకరిది, సాగు మరొకరిది అయినపుడు చేనుగలవానికి కౌలు కొలిచి ఇచ్చుట మన డెల్టాలో పసివారికి సైతము తెలిసిన ధర్మము. అయితే ఒకరి మేధలో పండిన పంటను అంతర్జాలమునుండి ఒక్క మీట నొక్కి ఇంటికి తెచ్చుకొనునపుడు ఆ ధర్మము మనకేల గుర్తుకు రాదు? రచనను ఇతరులు వినియోగించుకొన్నందుకు రచయితకు ముట్టవలసిన పాలే రాయల్టీ.

మన కాపీరైటు చట్టము 1957లో రూపొంది, 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. రచన పుట్టినపుడే హక్కు పుట్టును, నమోదు అక్కరలేదు. అది రచయిత జీవితకాలమును, ఆయన గతించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లును నిలుచును. భీమవరమున జన్మించిన అడవి బాపిరాజుగారు 1952లో కీర్తిశేషులైరి. కనుక వారి 'నారాయణరావు' 2013 నుండి ప్రజలందరి సొత్తు. దానితోపాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకొన్న 'వేయిపడగలు' కర్త విశ్వనాథవారు 1976లో గతించిరి. ఆ నవలపై హక్కు 2036 చివరివరకు ఉండును. ఒకే బహుమతి పొందిన రెండు నవలలలో ఒకదానిని నేడు ఎవరైనను అంతర్జాలమున ఉంచవచ్చును. రెండవదానికి అనుమతి కావలయును.

సినిమా కవుల కథ వేరు. వారు నిర్మాత కొరకు వ్రాసిన పాటకు నిర్మాతయే తొలి యజమానియని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఉర్దూ కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా వాదించిన 2012 సవరణతో పరిస్థితి మారినది. సినిమాహాలు వెలుపల పాటను వినియోగించినపుడు వచ్చు రాయల్టీలో కవికి, స్వరకర్తకు సమభాగము ఉండవలెను. ఆ భాగమును వారు వదలుకొన్నట్లు వ్రాయించుకొన్నను చెల్లదు. నేడు ఫోనులో మనము వినుచున్న పాటకు ఈ నియమము ఎంతో ముఖ్యము.

బోధనలో భాగముగా గురుశిష్యులు ప్రతులు తీసికొనుటను చట్టమే అనుమతించుచున్నది. 2016లో ఢిల్లీ హైకోర్టు ఫొటోకాపీ వివాదమున దీనిని సమర్థించినది. కాని తరగతి గడప దాటి లోకమునకు పంచుట వేరు.

ఈ భేదము నెరుగక మేమును తప్పు చేసితిమి. జీవించియున్న ఒక కవి సంపుటిని పుటపుటయు ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో విద్యార్థులకు పంపితిమి. అది చేతులు మారి మారి కడకు ఆ కవికే చేరినది. ఆయన మమ్ము నిందింపలేదు. "అచ్చు ఖర్చు ఇంకా రాలేదండీ" అని మాత్రమనిరి. ఆ మాట నేటికిని మమ్ము వీడలేదు.

విద్యార్థులారా! ఈ సంచికలో మీరు వ్రాసిన పద్యమైనను, గజలైనను మీ సొత్తే. అందుచేత పాత సంచికలను అంతర్జాలమున ఉంచదలచినచో, ముందుగా ఆయా రచయితల అనుమతి కోరవలసినదిగా కళాశాల కమిటీవారికి మా మనవి. గ్రంథాలయమున జీవించియున్న రచయితల పుస్తకములు కొనుటయు అంతే అవసరము. కవికి కౌలు కొలిచినపుడే మరుసటి పంటను ఆశించు హక్కు మనకుండును.