ఓడిన ఛాంపియన్ మళ్లీ గెలవగలరా?
నిఖత్ జరీన్ జీవితం నుంచి విద్యార్థులకు ఒక పాఠం



ప్లస్ టూ ఉత్తీర్ణత శాతంలో విరుదునగర్ జిల్లా చాలా సంవత్సరాలు తమిళనాడులో మొదటి స్థానంలో నిలిచింది. అది మనందరికీ గర్వకారణం. అయితే నూటికి తొంభై మందికి పైగా పాసయ్యే చోట తప్పిన పిల్లవాడి బాధ మిగతా చోట్లకంటే ఎక్కువగా ఉంటుంది. వీధిలో అందరూ మిఠాయి పంచుతుంటే ఆ ఇంట్లో మాత్రం తలుపు మూసి ఉంటుంది. ఈ పాఠం ముఖ్యంగా అలాంటి ఇళ్ల కోసం రాసినది.

బాక్సింగ్ అభిమానులు తరచుగా ఒక ప్రశ్న వేసుకుంటారు. ఎదురులేని ఛాంపియన్ అని పేరు తెచ్చుకున్నవారు తమ పాత ఓటములను పూర్తిగా దాటగలరా? లేక ఆ ఓటమి ఎప్పటికీ వెంటాడుతుందా? దీనికి జవాబు వెతకడానికి మన తెలుగు నేల మీద పుట్టిన ఒక బాక్సర్ జీవితాన్ని చూద్దాం.

ఎవరీ నిఖత్ జరీన్?

నిఖత్ జరీన్ 1996లో తెలంగాణలోని నిజామాబాద్‌లో ఒక మధ్యతరగతి కుటుంబంలో పుట్టారు. నలుగురు అక్కచెల్లెళ్లలో ఆమె మూడవవారు. మొదట పరుగు పందేలలో పాల్గొన్నారు. తండ్రి ప్రోత్సాహంతో బాక్సింగ్ వైపు వచ్చారు. ఆ తర్వాత విశాఖపట్నంలోని సాయ్ శిక్షణ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ పొందారు. 2010లో మన తమిళనాడులోని ఈరోడ్‌లో జరిగిన జాతీయ పోటీల్లో ఉత్తమ బాక్సర్‌గా ఎంపికయ్యారు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. అప్పటికి ఆమె వయసు 15 ఏళ్లు కూడా నిండలేదు.

ఇంతవరకు చదివితే అంతా విజయమే అనిపిస్తుంది. అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. 2017లో భుజానికి గాయమై ఆమె సుమారు ఒక ఏడాది రింగుకు దూరమయ్యారు. ఆ తర్వాత ఎదురైన ఓటములను గమనిస్తే, ఓటములన్నీ ఒకే రకం కావని తెలుస్తుంది.

1. మళ్లీ పోటీ దొరకని ఓటమి

2019లో టోక్యో ఒలింపిక్ అర్హత పోటీలకు 51 కిలోల విభాగంలో ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మేరీ కోమ్‌ను ఎంపిక పోటీ లేకుండానే పంపుతారన్న మాట వచ్చింది. అందరికీ సమాన అవకాశం ఇవ్వాలని కోరుతూ నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాశారు. చివరకు ఎంపిక పోటీ పెట్టారు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో జరిగిన ఆ పోటీలో నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయారు.

అడిగి తెచ్చుకున్న అవకాశంలో ఓడిపోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఎగతాళి చేసేవారు ఎలాగూ ఉంటారు. పైగా ఆ ఇద్దరి మధ్య మళ్లీ పోటీ జరగలేదు. అంటే ఓడించినవారిని ఓడించి లెక్క సరిచేసుకునే వీలు ఆమెకు దొరకలేదు.

మరి ఆమె ఏం చేశారు? 2021లో ఇస్తాంబుల్ టోర్నీలో ఇద్దరు మాజీ ప్రపంచ ఛాంపియన్లను ఓడించి కాంస్యం సాధించారు. 2022 మే 19న అదే ఇస్తాంబుల్ నగరంలో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. ఫైనల్లో అయిదుగురు న్యాయనిర్ణేతలూ ఆమెకే మొగ్గు చూపారు. అదే ఏడాది కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం వచ్చింది. 2023 మార్చిలో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. మేరీ కోమ్ తర్వాత ఒకటికంటే ఎక్కువసార్లు ఈ టైటిల్ గెలిచిన భారతీయురాలు ఆమే.

పోయిన పోటీ తిరిగి రాలేదు. ఆమె ఆ తలుపు దగ్గరే నిలబడిపోకుండా తర్వాతి తలుపు తట్టారు. వయోపరిమితి దాటిపోయిన పరీక్ష, ఒక్క మార్కుతో చేజారిన సీటు ఇలాంటివే. వాటికి మళ్లీ అవకాశం రాకపోవచ్చు. కాని వాటి కోసం నేర్చుకున్న చదువు మాత్రం ఎక్కడికీ పోదు.

2. సరిదిద్దుకోగలిగిన ఓటమి

ఇప్పుడు ఒక హెవీవెయిట్ ఛాంపియన్‌ను చూద్దాం. ఉక్రెయిన్‌కు చెందిన వ్లాదిమిర్ క్లిచ్కో 2003లో కోరీ శాండర్స్ చేతిలో రెండో రౌండులోనే ఓడిపోయాడు. 2004 ఏప్రిల్‌లో లేమన్ బ్రూస్టర్ చేతిలో అయిదో రౌండులో ఓడిపోయాడు. దెబ్బ తగిలితే కంగారు పడతాడనీ, చివరిదాకా శక్తిని నిలుపుకోలేడనీ విమర్శకులు తేల్చేశారు. అతని పని అయిపోయిందని అన్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బ్రూస్టర్‌తో పోటీకి ముందే క్లిచ్కో ఎమాన్యుయెల్ స్టీవర్డ్ అనే కొత్త శిక్షకుడి దగ్గర చేరాడు. అంటే కొత్త గురువు దగ్గర మొదటి పరీక్షలోనే తప్పాడు. అయినా గురువును మార్చలేదు. ఎడమచేతి జాబ్‌తో ప్రత్యర్థిని దూరంగా ఉంచడం, దగ్గరికి వస్తే పట్టుకుని ఆపడం, శక్తిని పొదుపుగా వాడడం ఓపికగా నేర్చుకున్నాడు. 2005లో శామ్యూల్ పీటర్‌తో పోటీలో మూడుసార్లు కింద పడ్డాడు. మూడుసార్లూ లేచి, 12 రౌండ్లు పోరాడి పాయింట్లపై గెలిచాడు. 2006లో క్రిస్ బర్డ్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. 2007లో బ్రూస్టర్‌ను కూడా ఓడించాడు. 2015 నవంబరులో టైసన్ ఫ్యూరీ చేతిలో ఓడేవరకు తొమ్మిదేళ్లకు పైగా ఛాంపియన్‌గా ఉన్నాడు.

ఇది లోపం ఎక్కడుందో తెలిసిన ఓటమి. ఒక సబ్జెక్టులో తప్పి సప్లిమెంటరీ రాయబోయే విద్యార్థి పరిస్థితి ఇదే. "నాకు లెక్కలు రావు" అనుకుంటే దారి లేదు. ఏ అధ్యాయంలో, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నానో కనుక్కుంటే దారి దొరుకుతుంది. ఒక్క పరీక్షలో మార్కులు తగ్గాయని వెంటనే ట్యూషన్ మార్చే తల్లిదండ్రులు కూడా స్టీవర్డ్ సంగతి గుర్తుంచుకోవాలి.

3. పైకి ఎక్కిన తర్వాత వచ్చే ఓటమి

రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ 2024 పారిస్ ఒలింపిక్స్‌కు పతకం ఆశలతో వెళ్లారు. ఆమెకు సీడింగ్ లేదు. ఆగస్టు 1న రెండో పోటీలోనే మొదటి సీడ్ అయిన చైనా బాక్సర్ వూ యూ ఎదురయ్యారు. నిఖత్ 0-5తో ఓడారు. వూ యూ చివరకు స్వర్ణం గెలిచారు.

2025 సెప్టెంబరులో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్లో టర్కీ బాక్సర్ బుసే నాజ్ చాకిరోగ్లూ చేతిలో మళ్లీ ఓటమి ఎదురైంది. అదే చాకిరోగ్లూను 2022లో బల్గేరియాలో నిఖత్ ఓడించారు. అంటే ఓటమి నుంచి నేర్చుకునేది మనం ఒక్కరమే కాదు, మన చేతిలో ఓడినవారు కూడా నేర్చుకుంటారు. అందుకే ఏ విజయమూ శాశ్వతం కాదు. అయినా ఆమె ఆగలేదు. రెండు నెలల తర్వాత, నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచారు.

మన పల్లె బడిలో మొదటి ర్యాంకు తెచ్చుకుని, స్కాలర్‌షిప్‌తో చెన్నైకో కోయంబత్తూరుకో ఇంజనీరింగ్ చదవడానికి వెళ్లిన పిల్లలకు ఈ మూడవ రకం ఓటమి బాగా తెలుసు. మొదటి సెమిస్టర్‌లో రెండు అరియర్లు పడతాయి. ఇంట్లో చెప్పడానికి భయం. సహాయం చేసినవారి ముఖం చూడడానికి సిగ్గు. నిజానికి వారి తెలివి తగ్గలేదు. పోటీ స్థాయి పెరిగింది, పాఠం చెప్పే భాష మారింది. ఇది తలదించుకోవలసిన విషయం కాదు, తయారీ మార్చుకోవలసిన విషయం.

తల్లిదండ్రులకు ఒక మాట

హాకీకి పేరున్న కోవిల్‌పట్టిలో ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఒక ఆటలో ఓడిన జట్టు మరునాడు ఉదయం మళ్లీ మైదానానికి వస్తుంది. ఆటలో పిల్లలకు మనం ఇచ్చే ఈ వెసులుబాటును చదువులో ఎందుకు ఇవ్వలేకపోతున్నాం? మార్కుల కాగితం చేతికొచ్చిన రోజు "పక్కింటి అబ్బాయికి ఎంత?" అని అడగకండి. ముందు అన్నం పెట్టండి. రెండు రోజులు పోయాక, "ఎక్కడ కష్టమైంది నాయనా?" అని అడగండి. బిడ్డ దాచకుండా చెప్పగలిగితే సగం సమస్య తీరినట్టే.

ముగింపు

ఛాంపియన్ పాత ఓటములను దాటగలరా అన్న ప్రశ్నకు జవాబు ఇది: దాటగలరు, కాని ఒక్కసారితో అయిపోదు. ఓటమి రికార్డు నుంచి చెరిగిపోదు. 9-1 అన్న అంకె నేటికీ అలాగే ఉంది. దాని పక్కన నిఖత్ మరికొన్ని అంకెలు రాసుకున్నారు. మీ మార్కుల కాగితం పక్కన రాయవలసినవి మీ చేతిలో ఉన్నాయి.

ఆలోచించి రాయండి

1. ఈ ఏడాది మీకు ఎదురైన ఒక ఓటమి పై మూడు రకాలలో దేనికి చెందుతుంది? కారణం రాయండి.
2. కొత్త శిక్షకుడి దగ్గర మొదటి పోటీలో ఓడినా క్లిచ్కో ఆయనను విడిచిపెట్టలేదు. దీని వల్ల కలిగిన లాభం ఏమిటి?
3. సమాన అవకాశం అడగడం, ఫలితాన్ని అంగీకరించడం – ఈ రెండూ ఎందుకు అవసరం? నిఖత్ ఉదాహరణతో వివరించండి.
4. తల్లిదండ్రులతో కలిసి: మీ బిడ్డకు కష్టంగా ఉన్న ఒకే ఒక అధ్యాయాన్ని గుర్తించి, వచ్చే నెల రోజులకు ప్రణాళిక వేయండి.