కారు షెడ్డు, కాక గోడ, మధ్యలో ఒక మూర



పోయిన వీడియోలో ఇంటి వాస్తు గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద చాలామంది అడిగింది ఒకటే ప్రశ్న: "అన్నా, కారు షెడ్డు ఏ మూలకు వేయాలి?" వాయవ్యం అని చెప్పేవాళ్ళే ఎక్కువ, మీరూ వినే ఉంటారు. కానీ ఆ షెడ్డుకు అవతలి గోడ ఎవరిది, వాళ్ళతో ముందే ఏం మాట్లాడాలి అని ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ అడగలేదు. అందుకే పోయిన ఏడాది మా ఊర్లో చిన్న రేకుల షెడ్డు కోసం నాలుగు నెలలు లొల్లి పడ్డాం. వీడియోలో ఇదంతా చెప్పే టైం లేదు, ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా.

మాది నిజామాబాద్ జిల్లా వేల్పూర్, ఆర్మూర్ దగ్గర. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తా. కారు కొన్న తర్వాత పండక్కి ఊరికి పోతే దాన్ని పెట్టడానికి జాగ లేదు. గల్లీలో పెడితే పసుపు ట్రాక్టర్లకు అడ్డం. "ఇంటి పక్క పన్నెండు ఫీట్ల జాగ ఖాళీగనే ఉన్నది కదరా, షెడ్డు ఏద్దాం" అన్నాడు బాపు. 12 ఫీట్ల వెడల్పు, 20 ఫీట్ల పొడుగు. సంక్రాంతి అయిన రెండో రోజే మేస్త్రి వచ్చి ముగ్గు పోసిండు.

పక్కింటి కాక వచ్చి ఆ ముగ్గు చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గోడకు ఆనిచ్చి ఏస్తే ఎట్ల బిడ్డా? జెర ఇడిశి ఏసుకోండ్రి" అన్నాడు.

నా జవాబు ఇది: "మా జాగల మేం ఏసుకుంటున్నం కాకా. కాగితాల్ల ఎంత ఉంటే అంతే కడ్తున్నం. ఇంచు కూడ ఇడువం."

కాక మొహం మారిపోయింది. "గట్లయితే పెద్దమనుషుల్ల పెడ్త" అని వెళ్ళిపోయిండు. ఆ రోజు నుంచి బాపుకు, కాకకు మాటల్లేవు. ముప్పై ఏళ్ళుగా ఒకే అరుగు మీద కూర్చున్న ఇద్దరు. అమ్మ తోడుకు పెరుగు కోసం వాళ్ళింటికి పోవుడు కూడా బంద్ అయింది. నేను మాత్రం హైదరాబాద్ వచ్చేసి, "అసూయ, ఇంకేం లేదు" అని ఫ్రెండ్స్‌కు చెప్పుకున్నా.

"పెద్దమనుషుల్ల పెట్టుడు" అంటే సిటీలో పుట్టినవాళ్ళకు అర్థం కాకపోవచ్చు. మా జిల్లా ఊర్లలో గ్రామాభివృద్ధి కమిటీలు ఉంటాయి. గ్రామ పంచాయతీ వేరు, ఇవి వేరు. ఊరందరి దగ్గర డబ్బులు జమ చేసి గుడి, బడి, బోరు లాంటి మంచి పనులు చేసిన కమిటీలూ ఉన్నాయి. కానీ కొన్నిచోట్ల ఇవే కోర్టులైపోయి, జరిమానాలు వేసి, మాట వినని కుటుంబాన్ని సాంఘిక బహిష్కరణ చేసిన వార్తలు మా జిల్లా నుంచి ఏళ్ళుగా వస్తూనే ఉన్నాయి. ఆ ఇంటికి కూలీలు పోవద్దు, కిరాణంలో సరుకు ఇవ్వొద్దు, ఇట్లాంటివి. ఈ తీర్పులకు చట్టంలో ఏ విలువా లేదు. మహారాష్ట్రలో అయితే సాంఘిక బహిష్కరణనే నేరం చేస్తూ 2016లో ప్రత్యేక చట్టమే తెచ్చారు. చట్టం ఏం చెప్పినా, గోడ దగ్గర మొదలైన మాట ఊరి మధ్యకు పోతే ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. అమ్మ భయం అదే. కాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు కానీ మేము పని ఆపేశాం. ముగ్గు గాలికి కొట్టుకుపోయింది.

ఇక అసలు పాఠానికి వస్తా. వాస్తు వీడియో కోసం చదువుతుంటే కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణం, ఎనిమిదో అధ్యాయం కంటపడింది. ఈ గ్రంథం చాలా శతాబ్దాలు ఎవరికీ దొరకకుండా ఉండి, 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి వచ్చింది, 1909లో అచ్చయింది. మనం దాన్ని రాజనీతి పుస్తకం అనుకుంటాం, గూఢచారుల గురించి, యుద్ధాల గురించి అని. ఈ అధ్యాయంలో మాత్రం మొత్తం పక్కింటి గొడవలే! ఎవరి మురికినీళ్ళు ఎటు పోవాలి, కిటికీ ఎంత ఎత్తులో ఉండాలి, చూరుకు చూరుకు మధ్య ఎంత ఎడం ఉండాలి. రెండిళ్ళ చూరుల మధ్య నాలుగు అంగుళాలు ఉండాలట, లేదంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండాలట. ఇక్కడ అంగుళం అంటే మన స్కేలు అంగుళం కాదు, వేలి వెడల్పు.

నన్ను ఆపేసింది ఇంకో నియమం. బండ్లు, పశువులు ఉండే చోటు కట్టుకుంటే పక్కవాడి గోడ నుంచి ఒక అరత్ని గానీ ఒక పదం గానీ వెనక్కి జరిగి కట్టాలి. జరగకపోతే 24 పణాల జరిమానా. బండ్లు ఉండే చోటు అంటే ఇంకేంటి, కారు షెడ్డే. అరత్ని అంటే 24 అంగుళాలు, మన మూర, సుమారు ఒకటిన్నర ఫీటు. పదం 14 అంగుళాలు, అడుగు కన్నా కొంచెం తక్కువ. ఇదే అధ్యాయంలో పక్కవాడి గోడను నీళ్ళతో పాడుచేస్తే 12 పణాలు అని కూడా ఉంది. మలమూత్రాలతో పాడుచేస్తే దానికి రెట్టింపు!

చదివి నవ్వుకున్నా. తర్వాత లెక్క వేసి చూశా, ఇంజనీరింగ్ చదివిన పాపానికి. మా షెడ్డు రేకులు 240 చదరపు ఫీట్లు. ఒక్క అంగుళం వాన పడితే వాటి మీద పడే నీళ్ళు దాదాపు 566 లీటర్లు. మేస్త్రి వాలు ఎటు పెట్టిండు? కాక గోడ వైపే. అంటే ప్రతి వానకు మూడు డ్రమ్ముల నీళ్ళు ఆ గోడ మొదట్లో పోయడానికి నేను ముగ్గు పోయించాను.

ఇంకోటి. ఇనుప స్తంభం మన జాగలోనే నిలబెట్టినా, దాని కింద పోసే కాంక్రీటు దిమ్మె స్తంభం కన్నా చాలా వెడల్పు ఉంటుంది. మా మేస్త్రి చెప్పింది రెండున్నర ఫీట్లు. స్తంభాన్ని సరిగ్గా హద్దు మీద పెడితే దిమ్మెలో సగం, అంటే ఫీటుంబావు, అవతలివాళ్ళ గోడ కిందికి పోతుంది. అదే ఒక మూర వెనక్కి జరిగితే దిమ్మె మొత్తం మన జాగలోనే ఆగుతుంది, ఇంకా మూడు అంగుళాలు మిగులుతుంది కూడా. 12 ఫీట్లలోంచి ఒకటిన్నర తీసేస్తే పదిన్నర. కారు వెడల్పు ఆరు ఫీట్ల లోపే. డోర్లు తీసుకోవడానికి అది చాలు.

అంటే కాక అడిగిన "జెర" నాకు అక్కర్లేని జాగనే.

మనకు నచ్చని పక్కింటాయన వెంటనే మన కథలో దుర్యోధనుడు అయిపోతాడు. మనం ఎప్పుడూ ధర్మరాజులమే. ఉద్యోగపర్వం గుర్తు తెచ్చుకోండి. పాండవులు ఐదు ఊర్లు చాలన్నారు: అవిస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం, ఐదోది మీ ఇష్టం అన్నారు. ఆ ఐదోదాన్ని అవతలివాడి ఇష్టానికే వదిలేశారు, చూడండి. సూది మొన మోపినంత కూడా ఇవ్వనన్నది దుర్యోధనుడు. మరి మా గల్లీలో "ఇంచు కూడ ఇడువం" అన్నది ఎవరు? సంధి కుదరదని ముందే తెలిసి కూడా కృష్ణుడు హస్తినాపురం వెళ్ళాడు, చేతనై ఉండి ఆపలేదని లోకం అనకూడదని. నేను కాక ఇంటికి పది అడుగులు నడవలేదు.

శ్రీరామనవమికి ఊరికి పోయినప్పుడు నడిచా. బాపును రమ్మంటే రానన్నాడు, ఒక్కణ్ణే పోయా. కాక కూర్చోమన్నాడు, కానీ మాట లేదు. "కాకా, నాడు నేను మాట్లాడింది తప్పు. గోడ గురించి నువ్వేం అనుకుంటున్నవో చెప్పు, ఇంట" అన్నా. కాక లేచి నన్ను లోపలి అర్రలోకి తీసుకుపోయిండు. ఆ గోడకు ఆనించి పసుపు బస్తాలు, పైకప్పు దాకా. ఉడకబెట్టి, ఎండబోసి, రేటు కోసం ఆపుకున్న పంట. "ఇది మా నాయిన పెట్టిన మట్టిగోడ బిడ్డా. బయట సిమెంటు పూసినం గని లోపల మట్టే. అడుగు తడిస్తే పసుపుకు బూజు పడ్తది. ఎండకాలం పోంగనే చెల్లె పెండ్లి ఉన్నది."

మా వైపు నుంచి చూస్తే అది నున్నటి సిమెంటు గోడ. ఇరవై ఎనిమిదేళ్ళు దాని పక్కనే పెరిగి, అది మట్టిదని నాకు తెలియదు. ఆ నీళ్ళకు తోడు గోడ మొదట్లో నాలుగు ఫీట్ల గుంతలు తవ్వి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ధర్మశాస్త్రాల్లో ఒక మాట ఉంది, సామంతుడు. మనకు సామంతరాజు అంటే చక్రవర్తికి కప్పం కట్టేవాడు. కానీ ఆ పదానికి అసలు అర్థం హద్దు పంచుకునేవాడు, అంటే పొరుగువాడు. అర్థశాస్త్రంలో ఈ అధ్యాయం మొదలయ్యేదే ఇట్లా: ఇల్లు, పొలం, తోట, చెరువు తగాదాలు సామంతుల మాట మీద తేలాలి. యాజ్ఞవల్క్యస్మృతిలో, దాని వ్యాఖ్యానం మితాక్షరలో కూడా హద్దు గొడవకు మొదటి సాక్షి పొరుగువాడే. ఆ మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు మనకు దూరమేం కాదు, బోధన్ అవతల బీదర్ వైపు ఉన్న కల్యాణంలో, చాళుక్యుల కాలంలో ఉన్నాడు. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని 'విజ్ఞానేశ్వరము' అని తెలుగు చేశాడు. హద్దును మనుధర్మశాస్త్రం జ్యేష్ఠమాసంలో తేల్చమంటుంది, ఎండలకు గడ్డి మాడి గుర్తులు బాగా కనబడతాయని. ఎంత ప్రాక్టికల్ గా ఆలోచించారో! నేను కాకను అడ్డం అనుకున్నా. ఈ గ్రంథాల లెక్కలో ఆయన నా సాక్షి. సాక్షి లేకుండా ముగ్గు పోసింది నేను.

మరుసటి రోజు పొద్దున కాకను, బాపును ఇద్దర్నీ నిలబెట్టి టేపు పట్టినం. కొలిచే టేపు ఒక చివర కాక చేతికే ఇచ్చా. మూర ఇడిసి గీత గీసినం, రేకుల వాలు మా ఇంటి వైపు తిప్పినం, నీళ్ళు రేకు కాలువలో పడి పైపులోంచి మా మోరిలోకి పోయేట్టు. గుంతలు తవ్వకముందే కాక గోడను అన్ని వైపులా ఫోన్‌లో ఫోటోలు తీసి ఆయనకూ పంపా, రేపు ఏ పగులు పాతది, ఏది కొత్తది అనే మాట రాకుండా. ఒక తెల్లకాగితం మీద కొలతలు రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. వదిలిన మూర మాదే అని, దాంట్లో ఎవరూ ఏం కట్టొద్దని కూడా రాసినం. ఇది రాయడానికి మొహమాటపడొద్దు. అర్థశాస్త్రం కూడా ఇళ్ళవాళ్ళు కలిసి మాట్లాడుకుని తమకు ఇష్టమైనట్టు కట్టుకోవచ్చనే అంటుంది, అంటే ఒప్పందం నియమం కన్నా ముందు. వానలకు ముందే షెడ్డు అయిపోయింది.

అమ్మ దీనికి ఆశ్చర్యపోలేదు. 2001లో మా మండలంలో పిల్లలందర్నీ పని మాన్పించి బడికి పంపినప్పుడు ఊరూరా ఇట్లనే కూర్చోబెట్టి మాట్లాడారట. పిల్లల్ని పనిలో పెట్టుకున్నవాళ్ళే కొందరు వాళ్ళ తల్లిదండ్రుల అప్పులు వదులుకున్నారు. ఆ ఏడు అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించారు. "అప్పులే ఇడిసిండ్రు, నీకు మూర ఇడుసుడు కష్టమయిందా" అంది.

అందరికీ ఇట్లాంటి కాకే దొరకడు, ఒప్పుకుంటా. మీరు ఎంత జరిగినా ఇంకా జరగమనేవాళ్ళు, డబ్బు కోసమే ఆపేవాళ్ళు ఉంటారు. అక్కడ కాగితం కావాలి. ఊర్లో అయితే గ్రామ పంచాయతీ పర్మిషన్ లేకుండా మొదలుపెట్టొద్దు. సిటీలో ఎంత జాగ వదలాలో 2012 నాటి జీవో 168లో ఉంది. 2020 టీఎస్-బీపాస్ చట్టంలో సొంత ధ్రువీకరణతో పర్మిషన్ త్వరగా వస్తుంది కానీ, తప్పు చెబితే నోటీసు లేకుండానే కూల్చవచ్చు, పక్కింటాయన ఒక్క ఫిర్యాదు చాలు. ఆయన కిటికీకి 20 ఏళ్ళుగా అడ్డం లేకుండా గాలి, వెలుతురు వస్తుంటే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ దాన్ని హక్కుగా చూస్తుంది, అది కూడా చూసుకోండి. మాటలతో తెగకపోతే కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పోవచ్చు. కోర్టు ఫీజు లేదు, అక్కడ ఇద్దరూ ఒప్పుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కమిటీ ముందు కన్నా అక్కడ తేల్చుకోవడం వెయ్యి రెట్లు నయం.

మొదటి పెద్ద వానకు కాక ఫోన్ చేసిండు. నాకు గుండె ఝల్లుమంది. "ఏం లేదు బిడ్డా, పైపుల ఏపాకులు ఇరికినయ్, నీళ్ళు పొంగుతున్నయ్. నేనే కట్టెతోని తీసిన. ఈసారి అచ్చినప్పుడు జాలీ పట్టుకరా." అర్థశాస్త్రంలో దానికీ నియమం ఉంది: వాన పడుతున్నప్పుడు తూము తెరిచి ఉండాలి, లేకపోతే 12 పణాలు. దసరాకు పోతున్నా, జాలీ కొన్నా.