మంచం పట్టినవారి ఆస్తి: వేలిముద్రకు ముందు

ఇంట్లో పెద్దవారు పక్షవాతంతో మంచం పడితే, వైద్యం సాగుతుండగానే ఆస్తి కాగితాలు బయటికి వస్తాయి. తొందరపడకండి. వీలునామా వ్రాసినవారి మరణం తర్వాతే అమలవుతుంది. మతిస్థిమితం ఉన్నంతకాలం వారు దాన్ని మార్చుకోవచ్చు. సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మేలు. సాక్షుల్లో ఒకరు వైద్యం చేస్తున్న డాక్టరైతే, 'అప్పటికే ఆయనకు తెలివి లేదు' అనే తగాదా రేపు నిలవడం కష్టం.

దానపత్రం అలా కాదు. రిజిస్టరైతే ఇల్లు చేయిదాటినట్లే. ఇవ్వక తప్పదంటే, బ్రతికినంతకాలం తిండి, మందులు, సేవ చూడాలనే షరతు అందులోనే వ్రాయించండి (నోటిమాట నమ్ముకోవద్దు, కన్నకొడుకైనా సరే). చూడకపోతే, 60 ఏళ్లు నిండినవారు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దుచేయమని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు.