తిరిగింది తక్కువే, సర్వీస్ ఆపవచ్చా?

ప్రశ్న: మాది ముత్తుకూరు. లగ్జరీ కారు కొని 14 నెలలైంది. 6,000 కిలోమీటర్లే తిరిగింది. మాన్యువల్‌లో ‘15,000 కి.మీ. లేదా ఏడాది’ అని ఉంది. కిలోమీటర్లు నిండేదాకా ఆగవచ్చా?

జవాబు: ఆగకండి. ఆ రెంటిలో ఏది ముందొస్తే అదే గడువు. మీకు రెండు నెలల క్రితమే దాటింది. ఆలస్యమైతే వారంటీ క్లెయిమ్‌లో చిక్కులు రావచ్చు. వెంటనే చేయించండి.

కారు తక్కువ తిరిగినా ఆయిల్ పాడవుతుంది. ఇంటి నుంచి దగ్గర్లోని చెరువు గట్టు దాకా వెళ్లి వచ్చేలోపు ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే చాలా కంపెనీలు దాన్ని రెండేళ్లకోసారి మార్చమంటాయి.

కొన్ని కార్లు నడిచిన తీరును లెక్కగట్టి సర్వీస్ తేదీని డ్యాష్‌బోర్డు మీద చూపిస్తాయి. ఆ లెక్కకు అడుగున పట్టే తుప్పు తెలియదు. కృష్ణపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి తోడు రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు టైర్ల వల్ల చింది కారు అడుగున అంటుకుంటాయి. కాబట్టి నెలకోసారైనా అడుగుభాగం మంచినీళ్లతో కడిగించండి. బోరునీళ్లు ఉప్పగా ఉంటే వాడొద్దు. సర్వీస్‌కు ఇచ్చినప్పుడు లిఫ్ట్ ఎక్కించి బ్రేకు పైపులు, బోల్టులు, సైలెన్సర్ జాయింట్లు మీ కళ్లముందే చూపించమనండి. ఏసీ ఫిల్టర్ కూడా తీసి చూడమనండి.

మాన్యువల్‌లోని గడువు గరిష్ఠ పరిమితి. తీరంలో ఉండేవారు అంతకంటే కాస్త ముందే వెళ్లడం మేలు.